తమ్ముడి బిళ్ల వెంట బోరబండ దాకా

నా తమ్ముడు పని మానేసి తాగుతున్నాడని వాళ్ల మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాను. వాడు తాగలేదు. నేను చెప్పిన చోట అసలు లేడు. హైదరాబాదులో నేను చూసినవి, తిన్నవి, నాతో మాట కలిపిన మనుషులు, అన్నీ ఆ ఒక్క ఫోన్‌కాల్‌కి అటూ ఇటూ ఉన్నాయి. అందుకే దాన్ని ముందే ఒప్పుకుని మిగతాది చెబుతాను.

మాది తణుకు. నాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. తమ్ముడు కృపాకర్ టైలరు. చేతిలో మంచి పనుంది. తాగుడు వాడి కొట్టునీ, కుట్టుమిషన్నీ, పెళ్లి సంబంధాన్నీ వరసగా తినేసింది. ఆస్పత్రిలో చేర్పించాం. బయటికొచ్చాక మళ్లీ ముట్టుకోలేదు. చర్చిలో తెలిసినాయన మాట సాయంతో ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమాకి దుస్తుల విభాగంలో అసిస్టెంటుగా కుదిరాడు. పంపేముందు నేనొక షరతు పెట్టాను. నీ ఫోన్ ఎక్కడుందో నా ఫోన్‌లో ఎప్పుడూ కనబడాలి అన్నాను. వాడు ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. నొక్కాల్సినవన్నీ నేనే నొక్కాను.

అప్పటినుంచి మ్యాపులో వాడి ఫొటో గుండ్రంగా, చిన్న బిళ్లలా కనబడేది. నా భార్య సువార్త దాన్ని కృపా బిళ్ల అనేది. బిళ్ల పక్కన వాడి ఫోన్‌లో చార్జింగ్ ఎంతుందో కూడా పడేది. పగలు ఆ బిళ్ల స్టూడియో దాటితే నా ఫోన్ మోగేలా పెట్టుకున్నాను. దుకాణంలో ఎవరైనా కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉంటే, నేను బల్ల కింద బిళ్ల చూసుకునేవాణ్ణి.

బేగంపేట

కొత్త ఫ్రేములు కొనాలన్నది పైకి చెప్పిన కారణం. "ఒకసారి రా అన్నయ్యా, షూటింగ్ చూపిస్తా" అని తమ్ముడు పిలవడం అసలు కారణం. సువార్త రొయ్యల పచ్చడి సీసాకి మూడు కవర్లు తొడిగి సంచిలో పెట్టింది.

రైల్లో ఎదుటి బెర్తు మీద పాలకొల్లు పెద్దావిడ ఒకరు పూతరేకుల డబ్బాని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హైదరాబాదులో మీకెవరున్నారని అడిగింది.

"తమ్ముడండీ. సినిమాల్లో పని."

"అయితే తెర మీద కనబడతాడా బాబూ?"

"వాడు కనబడడండీ. వాడు గుండీలు కుట్టిన చొక్కా కనబడుతుంది."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. వాడి గురించి ఒకరికి గొప్పగా చెప్పుకుని ఎన్నాళ్లయిందో.

పొద్దున్నే బేగంపేట ప్లాట్‌ఫారం మీద దిగేసరికి వాడి నుంచి మెసేజి ఉంది. "అన్నయ్యా, ఇవాళ లొకేషన్ క్యాన్సిల్. నువ్వు రావద్దు. సాయంత్రం నేనే ఫోన్ చేస్తా."

అక్కడే నిలబడి దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. మా ఇంట్లో లొకేషన్ అంటే ఒకటే, బిళ్ల. దాన్ని క్యాన్సిల్ చేస్తున్నాడంటే నాకు తెలియకూడని చోటికి వెళుతున్నాడన్నమాట. పైగా రావద్దంటున్నాడు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మ్యాపు తెరిస్తే బిళ్ల ఫిల్మ్ నగర్‌లో స్టూడియో మీదే ఉంది. ఆపుదామనుకుని ఆపడం మర్చిపోయాడు అనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నానో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియడం లేదు. వాడు స్టూడియోలోనే, పనిలోనే ఉన్నాడని కళ్లముందు కనబడుతుంటే, అదే నాకు వాడి అబద్ధానికి సాక్ష్యంలా తోచింది.

జూబ్లీహిల్స్

ఆటో అతని పేరు యాదగిరి. ఎక్కగానే "లొకేషన్ వెట్టున్రి సార్" అన్నాడు. ఆ మాట వినగానే ఫోన్ జేబులో దాచేశాను. నా మొహం చూసి, "అడ్రస్ సార్, అడ్రస్" అన్నాడు.

మా తణుకులో ఎవరి ఇల్లు అడిగినా రాంబాబు కొట్టు పక్కన అనో, గోస్తనీ వంతెన దిగగానే అనో చెబుతారు. ఇక్కడ వీధులకి పేర్లు లేవు, నంబర్లున్నాయి. ఆ నంబర్లకీ వరస లేదు. ఒక రోడ్డు పక్కన ఉండాల్సిన రోడ్డు ఎక్కడో కొండ అవతల తేలుతుంది.

"గీ నంబర్లు ఎవ్వనికీ సమజ్ గావు సార్. గీడనే ఉండేటోళ్లు గూడ పక్కింటోళ్లను అడగరు, ఫోన్‌ను అడుగుతరు" అన్నాడు యాదగిరి.

నిజమే. దారి పొడుగునా గేట్లు, గేట్ల ముందు కుర్చీలు, కుర్చీల్లో వాచ్‌మన్లు. నడిచే మనిషి లేడు. ఇళ్ల మధ్య ఏనుగులంత బండరాళ్లు అలాగే ఉన్నాయి. వాటిని పగలగొట్టలేక చుట్టూ మేడలు కట్టేసుకున్నారు. రోడ్డు ఒకసారి పైకి, వెంటనే కిందికి. పల్లం తప్ప ఎత్తెరగని గోదావరి వాణ్ణి, ఆటో కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

ఏదో ఒకటి తినాలని ఒక హోటలు ముందు ఆపించాను. రెండిడ్లీ నూట ఇరవై. తణుకులో ఆ డబ్బుతో నలుగురం తిని కాఫీ తాగుతాం. నాలుగు రకాల చట్నీ చిన్న చిన్న గిన్నెల్లో పెట్టారు. ఏది ఏ రుచో చెప్పలేను. ఇడ్లీ తుంచుతూ ఉన్నంతసేపూ ఎడమచేతిలో ఫోన్, ఫోన్‌లో బిళ్ల. అది కొంచెం జరిగేది, మళ్లీ వెనక్కి వచ్చేది. గోడల లోపల ఉంటే ఫోన్ అలా తడబడుతుందని నాకు తెలుసు. తెలిసినా, అది జరిగినప్పుడల్లా వాడే తూలుతున్నట్టనిపించింది.

ఫిల్మ్ నగర్, గేటు బయట

స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నటుణ్ణి కానని నమ్మకం కుదిరాక, "లోపల ఎవరున్నారు?" అన్నాడు.

"మా తమ్ముడు. కాస్ట్యూమ్స్."

"ఇవాళ ఎవర్నీ పంపొద్దన్నారు సార్. మంత్రొచ్చినా పంపొద్దన్నారు."

గేటు ముందు వ్యాన్లు వస్తూ పోతూ ఉన్నాయి. ఒకదాన్నిండా కుర్చీలు, ఇంకోదాన్నిండా ప్లాస్టిక్ అరటిచెట్లు. గోదావరి వాడికి ప్లాస్టిక్ అరటిచెట్టు చూపిస్తే ఏమంటాడో అని ఇంకో రోజైతే నవ్వుకునేవాణ్ణి. అప్పుడే నా ఫోన్ మోగింది. బిళ్ల స్టూడియో దాటింది.

గేటులోంచి మనిషెవరూ నడిచి రాలేదు. ఒక తెల్ల వ్యాను మాత్రం బయటికొచ్చి మలుపు తిరిగింది. నేను దాన్ని చూశాను, కానీ నా మనసు దాన్ని పట్టించుకోలేదు. నా దృష్టంతా బిళ్ల మీదే.

"యాదగిరీ, పోనీ. అది ఎటు పోతే అటు."

"ఎవర్ని పట్టనీకి సార్? దొంగనా?"

"మా తమ్ముడు."

అతను అద్దంలో నన్ను ఓసారి చూసి, ఇంకేం అడగకుండా ఆటో తిప్పాడు.

బోరబండ

బోరబండ కొండ వాలు మీద ఉంది. జూబ్లీహిల్స్‌కి ఇంత దగ్గరలో ఇన్ని ఇళ్లు, ఇంత మంది ఉంటారని ఊహించలేం. మెట్లమెట్లుగా ఇళ్లు, ఇంటి ముందే బిందెలు, బిందెల పక్కన స్కూటర్లు. ఇక్కడ జనం నడుస్తున్నారు, పలకరించుకుంటున్నారు, రోడ్డు మధ్యలో నిలబడి తిట్టుకుంటున్నారు. మా బజారుకొచ్చినట్టుంది. కాసేపైనా ఊపిరాడాల్సింది. ఆడలేదు. బిళ్ల ఒక సందు మొదట్లో ఆగింది. ఆ సందు మొదట్లో వైన్ షాపుంది.

అప్పుడే తెరిచినట్టున్నారు. అరుగు మీద మగవాళ్లు గుంపుగా ఉన్నారు. నేను రోడ్డుకి ఇవతలే ఆటోలో కూర్చుండిపోయాను. దిగి రోడ్డు దాటితే చాలు, వాడున్నాడో లేడో తెలిసిపోతుంది. దిగలేదు. వాణ్ణి ఆ గుంపులో నా కళ్లతో చూడ్డానికి భయమేసింది. ఆ భయంతో, చూడకుండానే, మేనేజరు రాజుగారికి ఫోన్ చేశాను. అవసరానికి ఉంచుకోమని తమ్ముడే ఇచ్చిన నంబరది.

"ఆయ్, చెప్పండి" అన్నారాయన. భీమవరం మాట.

"కృపాకర్ వాళ్లన్నయ్యనండీ. వాడు పనిలో లేడు కదండీ?"

"నేను ఆఫీసులో ఉన్నానండీ. ఉండాలే మరి. ఏం?"

"బోరబండలో వైన్ షాపు దగ్గరున్నాడండీ. నేను ఫోన్‌లో చూస్తున్నాను. వాడికి పాత అలవాటుందండీ. ఆస్పత్రిలో కూడా పెట్టాం. మీరు కాస్త..."

మీరు కాస్త ఏం చెయ్యాలో నాకే తెలియక ఆగిపోయాను.

"ఈ సంగతి మాకెవరూ చెప్పలేదండీ" అన్నారు. "కనుక్కుంటాను" అని పెట్టేశారు.

యాదగిరి వెనక్కి తిరిగాడు. "సార్, ఒక్కసారి ఫోన్ గొట్టి సూడున్రి. తాగెటోడు గూడ ఎత్తుతడు."

కొట్టాను. రోడ్డవతల ఎక్కడో మోగింది. తమ్ముడి ఫోన్ మోతే. చర్చిలో క్రిస్మస్‌కి పాడే పాట, వాడే పాడి పెట్టుకున్నది. అది వైన్ షాపులోంచి రావడం లేదు. సందులో ఆగి ఉన్న తెల్ల వ్యానులోంచి వస్తోంది.

అప్పుడు దిగాను. వైన్ షాపు వెనక ఒక వంటశాల ఉంది. లోపల్నుంచి ఇద్దరు మనుషులు అన్నం డేగిసాలు మోసుకొచ్చి వ్యానులోకి ఎక్కిస్తున్నారు. డ్రైవరు నర్సింగ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నా చేతిలో ఫోన్ చూసి, వ్యానులో మోత విని, రెంటినీ కలిపేసుకున్నాడు.

"అగో, నువ్వేనా? పొద్దుగాల్నుంచి సంపుతున్నవ్ కదనే అన్నా!"

సీటు వెనక జిప్పు వేసిన గుడ్డసంచి ఉంది. దాన్నిండా ఫోన్లు. ఒక్కో ఫోన్ వెనక తెల్ల ప్లాస్టరు, దాని మీద పేరు. హీరో కొత్త వేషంలో షూటింగ్ ఉన్న రోజుల్లో, ఎవరూ ఫొటో తీసి బయటపెట్టకుండా పొద్దున్నే అందరి ఫోన్లూ తీసేసుకుని వ్యానులో పెట్టి తాళం వేస్తారట. మామూలుగా ఆ వ్యాను గేటు లోపలే ఉంటుంది. భోజనాల బండి చెడిపోయిందని ఆ రోజు దీన్నే పంపారు.

"గీ సంచి తోటి ఏడికి వోయినా పరేషానే" అన్నాడు నర్సింగ్. "ఇంట్లకెల్లి సూశెటోళ్లు ఎంతమందో. నేను గీడ బువ్వ ఎక్కిస్తుంటే, ఆడ ఇంతమంది పెండ్లాలకు మా ఆయన వైన్ షాపుకాడ ఉన్నడని ఫికర్."

యాదగిరి పగలబడి నవ్వాడు. నేను రాజుగారికి మళ్లీ ఫోన్ చేస్తున్నాను. మూడోసారికి ఎత్తారు. పొరపాటైపోయిందండీ, వాడు లోపలే ఉన్నాడండీ అంటూ ఒకే గుక్కలో చెప్పాను.

"తెలిసిందండీ. మనిషిని పంపి ఊదించాం. వాసనేం లేదు. కానీ ఇవాళ్టికి పక్కన కూర్చోమన్నాం" అన్నారాయన. గొంతులో కోపం లేదు. అది ఇంకా భయమనిపించింది.

మళ్లీ గేటు బయట

నర్సింగ్ నన్ను వ్యానులో ఎక్కించుకున్నాడు. యాదగిరి కిరాయి తీసుకుని, "మంచిదే అయింది గద సార్, తమ్ముడు తాగలే" అన్నాడు. మంచిదే అని అనలేకపోయాను.

ఫోన్ల సంచి నా ఒళ్లోనే పెట్టుకున్నాను. దారంతా అందులో ఏదో ఒకటి వెలుగుతూనే ఉంది. జిప్పు సందులోంచి అమ్మ అని ఒక ఫోన్ మీద, ఇల్లు అని ఇంకోదాని మీద. వెనక వేడి పప్పుచారు వాసన. అన్నం వేళవుతోంది, ఆకలి లేదు.

తమ్ముడు గేటు బయట బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు, చొక్కాకి వరసగా గుచ్చిన పిన్నీసులు. నన్ను చూసి లేవలేదు.

"ఊదించారన్నయ్యా" అన్నాడు.

నేను సంచి నర్సింగ్‌కి ఇచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాను.

"లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, అందరి ముందూ. ముందు సరదాకి అనుకున్నాను. నవ్వుతూనే ఊదాను. తరవాత రాజుగారి మనిషి చెప్పాడు, మీ అన్నయ్యే ఫోన్ చేశాడని."

"లొకేషన్ క్యాన్సిల్ అన్నావు కదరా..."

వాడు నా వైపు వింతగా చూశాడు. కొంచెం సేపటికి అర్థమైంది వాడికి. "లొకేషన్ అంటే బయట షూటింగ్ చేసే చోటు. గండిపేట దగ్గర తోటలో అనుకున్నారు. అక్కడైతే నిన్ను రానిస్తారు. అది క్యాన్సిలయ్యి లోపల సెట్లో పెట్టారు. అందుకే రావద్దన్నాను." చొక్కాకున్న పిన్నీసు ఒకటి తీసి మళ్లీ గుచ్చుకున్నాడు. "ఇక్కడ అందరూ రోజుకి వందసార్లు అంటారా మాట. నీకు ఇంకోలా వినబడుతుందని నాకు తట్టలేదు."

వెంగళరావు నగర్

ముగ్గురితో కలిసి వాడుండే గది వెంగళరావు నగర్‌లో. చిన్న చిన్న మేడలు, మెట్ల కింద తులసికుండీలు, మూలకో కర్రీ పాయింటు. ఇక్కడ చాలామంది ఇంట్లో అన్నం మాత్రమే వండుతారు. కూరలు కవర్లో కట్టించుకొస్తారు. వంకాయ కూర నలభై. మా ఊళ్లో కూర కొనుక్కొస్తే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదని పక్కింటివాళ్లు వచ్చి అడుగుతారు.

సాయంత్రం ఇద్దరం కింద కూర్చుని తిన్నాం. రొయ్యల పచ్చడి సీసా వాడు మూత తియ్యకుండా పక్కన పెట్టాడు.

"పని పోతుందా?" అని అడిగాను.

"పోదనుకుంటా. గది తాళాలు మాత్రం తీసుకున్నారు. చీరలు, నగలు ఉండే గది. పోయిన నెలే నాకిచ్చారు." అన్నం కలుపుతూ ఉండిపోయాడు. "ఇక్కడెవరికీ తెలీదన్నయ్యా. తణుకులో నేను తాగుబోతు కృపా. ఇక్కడ టైలర్ కృపా. ఆ ఒక్కటీ బాగుండేది."

"నేను వెళ్లి రాజుగారికి క్షమాపణ చెబుతాను."

"ఆయనకెందుకు? నన్ను ఊదించింది ఆయనొక్కడి ముందు కాదుగా."

వాడు తిని కంచం కడుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను చీకట్లో అలవాటుగా ఫోన్ తీశాను. బిళ్ల వెంగళరావు నగర్‌లో, నా బిళ్ల మీదే పడి ఉంది. మనిషి చేతికందే దూరంలో ఉన్నాడు. వాడి గురించి నాకేం తెలుసు అనిపించింది. బిళ్ల వచ్చాక నేను వాడికి ఫోన్ చెయ్యడమే మానేశాను. ఎక్కడున్నాడో తెలుస్తోంది కదా, ఇంక మాటెందుకు అనుకున్నాను.

టిఫిను వేళ

మర్నాడు పొద్దున్న రాజుగారే గేటు దగ్గరికొచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లారు. "ఎందుకండీ మళ్లీ కెలుక్కోవడం" అంటూనే తీసుకెళ్లారు. షెడ్డు కింద అందరూ పళ్లేలతో నిలబడి పెసరట్టు తింటున్నారు. పనివాళ్లు, నటులు, వడ్రంగులు అందరికీ ఒకటే వరస. అది నాకు నచ్చింది. నేనూ ఒక పళ్లెం తీసుకున్నాను. అల్లం పచ్చడి నోట్లో మండుతుంటే, పళ్లెం కింద పెట్టి గట్టిగా చెప్పాను.

"నేను కృపాకర్ అన్నయ్యని. నిన్న వాడు తాగాడని చెప్పింది నేనే. వాడు తాగలేదు. వాడు మానేసినప్పటినుంచి ఒక్కరోజు కూడా తాగలేదు. నేనే చూసుకోకుండా చెప్పాను. తప్పు నాది."

పెనం మీద అట్టు చుర్రుమనడం వినబడింది. అప్పుడు వెనకనుంచి ఒక లైట్‌మన్ అరిచాడు. "గట్లైతే నువ్వు గూడ ఊదాలె సార్!"

నలుగురు నవ్వారు. రాజుగారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. నేను ఆయన ఎదురుగా వెళ్లి, నోరు తెరిచి ఊదాను. ఆయన మొహం తిప్పుకున్నారు.

"అల్లం పచ్చడండీ" అన్నారు. షెడ్డంతా నవ్వింది.

తమ్ముడు నవ్వలేదు. కానీ నేలచూపులు మానేసి నా వైపు చూశాడు. "ఏంట్రా కృపా, ఇంకా నిలబడ్డావు? హీరోయిన్ గారి జాకెట్టు హుక్కు ఊడిందంట, చూడు" అన్నారు రాజుగారు. తాళాలు మాత్రం ఇవ్వలేదు. మా తమ్ముడి గురించి ఆ షెడ్డులో ముందురోజు దాకా ఎవరికీ తెలియనిది, నేను క్షమాపణ చెప్పినా, అందరికీ తెలిసే ఉండిపోయింది.

నర్సింగ్ గుడ్డసంచి పట్టుకుని ఫోన్ల కోసం తిరుగుతున్నాడు. నేనూ ఇచ్చాను. ప్లాస్టరు ముక్క మీద తమ్ముడే పేరు రాసి అంటించాడు. కృపా అన్నయ్య అని. ఆ రోజు సాయంత్రం దాకా వాడి పక్కన కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టాను. సన్న స్క్రూలు బిగించే చెయ్యి కదా, పర్వాలేదన్నాడు. సంచి వ్యానులో ఏ ఊరు తిరిగిందో నాకు తెలీదు. మధ్యాహ్నం దాకా చెయ్యి జేబు తడుముకుంటూనే ఉంది.

తణుకు

వచ్చేటప్పుడు బేగంపేటలో తమ్ముడు తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. మొదటిసారి పెట్టినట్టే. "నువ్వే నొక్కావు. ఉంచాలనిపిస్తే ఉంచు" అన్నాడు. నేను ఆపేశాను. రైలు కదిలాక మ్యాపులో అంత పెద్ద హైదరాబాదు ఉంది, బిళ్ల లేదు. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, నాతోనే తణుకు వచ్చింది.

ఫ్రేములు కొనడం మర్చిపోయానని ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది. సువార్త మొదటి రెండు రోజులు బిళ్ల ఎక్కడుందని అడిగి నాలుక కరుచుకుంది. ఇప్పుడు రోజూ దుకాణం మూసేముందు వాడికి ఫోన్ చేస్తున్నాను. ఒక్కోసారి ఎత్తడు. వాడు తిరిగి చేసేదాకా షట్టరు సగం దించి, మెట్టు మీద కూర్చుంటాను. ఆ కూర్చోవడం చాలా కష్టంగా ఉంటుంది. అయినా కూర్చుంటున్నాను.

నిన్న వెంటనే ఎత్తాడు. వెనక జనం, ఎవరో మైకులో కేకలు.

"లొకేషన్‌లో ఉన్నానన్నయ్యా."

ఎక్కడ, అని నోటిదాకా వచ్చింది.

"తిన్నావా?" అన్నాను.

"లేదు. రొయ్యల పచ్చడి అయిపోయింది, వదినకి చెప్పు" అన్నాడు.